కంట్లో మొలిచే కొత్త రక్తనాళాలు: ఇంజెక్షన్ ఎందుకు, ఎన్నిసార్లు?

రెటీనా డాక్టర్ల దగ్గర రోగులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంకా ఎన్ని ఇంజెక్షన్లు?" దీనికి అందరికీ సరిపోయే జవాబు లేదు. వరసలో కూర్చున్న నలుగురికి ఒకే మందు రాసి ఉండొచ్చు. మైనస్ పవర్ బాగా ఎక్కువున్న ఒకరికి రెండు మూడు ఇంజెక్షన్లతో పని అయిపోవచ్చు. వయసు మీదపడి మాక్యులా, అంటే సూటి చూపునిచ్చే రెటీనా నడిమి భాగం, దెబ్బతిన్న ఇంకొకరికి ఏళ్ల తరబడి వేస్తూ ఉండాల్సి రావచ్చు. షుగర్ ఉన్న మూడో మనిషికి ఇంజెక్షన్‌తో పాటు లేజర్ కూడా తప్పదంటారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే ఒక్క ఇంజెక్షన్ వేసి, ఆ తర్వాత నెలల పాటు కన్ను పరీక్షిస్తూనే ఉంటారు.

ఈ తేడాలు డాక్టరు అలవాటును బట్టి వచ్చేవి కావు. కొత్త రక్తనాళాలు కావాలని కణజాలం ఒక సంకేతం పంపుతుంది. ఇంజెక్షన్ ఆ సంకేతాన్ని కొన్ని వారాల పాటు అణచిపెడుతుంది, అంతే. సంకేతం ఎందుకు పుట్టిందో ఆ కారణం జోలికి మందు వెళ్లదు. కారణం తాత్కాలికమైతే కొద్ది డోసులతో గండం గడుస్తుంది. శాశ్వతమైతే మందు ప్రభావం తగ్గగానే రక్తనాళాలు మళ్లీ లేస్తాయి. ఈ ఒక్క విషయం అర్థం కాకపోవడం వల్లే చాలామంది రెండు తప్పుడు సమయాల్లో చికిత్స ఆపేస్తారు. ఒకటి చూపు బాగుపడినప్పుడు, రెండోది చూపు బాగుపడనప్పుడు.

ఆక్సిజన్ చాలని రెటీనా

రెటీనా కంటి వెనక గోడకు లోపలివైపు పరుచుకున్న పలుచని పొర. దాని బరువుతో పోల్చి చూస్తే, ఒంట్లో ఆక్సిజన్‌ను అత్యధికంగా వాడుకునే కణజాలాల్లో ఇదొకటి. అందుకే దానికి రక్తం రెండు వైపుల నుంచి అందుతుంది. లోపలి పొరలకు రెటీనా సొంత రక్తనాళాలున్నాయి. కాంతిని పట్టే కణాలుండే బయటి పొరలను వెనకనున్న కోరాయిడ్ అనే రక్తనాళాల పొర పోషిస్తుంది. ఈ రెండింటికీ మధ్య బ్రూక్ పొర అనే సన్నని అడ్డు ఉంటుంది.

చిత్రమేమిటంటే, చూపు అత్యంత స్పష్టంగా ఉండే మాక్యులా నడిబొడ్డున రక్తనాళాలే ఉండవు. కంటి ముందున్న అద్దం లాంటి కార్నియాలోనూ ఉండవు. కాంతి వెళ్లే దారిలో రక్తం అడ్డు రాకూడదు మరి. కార్నియా ఈ స్వచ్ఛతను ఊరికే నిలుపుకోవడం లేదు. రక్తనాళాలను పిలిచే సంకేతాన్ని పట్టి బంధించే ప్రొటీన్‌ను అది తనకు తానే తయారు చేసుకుంటుందని బాలమురళి అంబటి, జయకృష్ణ అంబటి తదితరుల బృందం 2006లో చూపించింది.

రెటీనాలో ఏదైనా భాగానికి రక్తం చాలకపోతే అక్కడి కణాలు సాయం కోసం ఒక రసాయనాన్ని వదులుతాయని 1948లోనే ఐజాక్ మైకల్సన్ ఊహించాడు. అదేమిటో మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు. ఇక్కడి నుంచి కథ క్యాన్సర్ పరిశోధన వైపు తిరుగుతుంది. గడ్డలు పెరగాలంటే వాటికి కొత్త రక్తనాళాలు కావాలనీ, ఆ దారి మూసేస్తే గడ్డను అదుపు చేయవచ్చనీ 1971లో జూడా ఫోక్‌మన్ ప్రతిపాదించాడు. గడ్డలు వదిలే ఒక ప్రొటీన్ రక్తనాళాలను కారేలా చేస్తోందని 1983లో డోనాల్డ్ సెంగర్, హెరాల్డ్ డ్వోరాక్ కనిపెట్టారు. 1989లో నెపోలియోన్ ఫెరారా బృందం రక్తనాళాలను పెంచే ప్రొటీన్‌ను వేరుచేసి దానికి వీఈజీఎఫ్ అని పేరు పెట్టింది. తీరా చూస్తే రెండూ ఒకటే! షుగర్ వల్ల కొత్త రక్తనాళాలు మొలిచిన కళ్లలోని ద్రవంలో ఈ వీఈజీఎఫ్ బాగా ఎక్కువగా ఉందని 1994లో తేలడంతో మైకల్సన్ ఊహకు రుజువు దొరికింది.

రక్తనాళాన్ని పెంచేదీ, కారేలా చేసేదీ ఒకే ప్రొటీన్ అన్న సంగతి గుర్తుపెట్టుకుంటే చికిత్సలో సగం అయోమయం తీరిపోతుంది. షుగర్ వల్ల మాక్యులాలో వాపు వచ్చినవారికీ, రెటీనా సిరలో రక్తం గడ్డకట్టినవారికీ, అక్కడ కొత్త రక్తనాళాలు లేకపోయినా, వీఈజీఎఫ్‌ను అడ్డుకునే అదే ఇంజెక్షన్ ఎందుకు వేస్తారంటే కారణం ఇదే. అక్కడ మందు చేసేది పాత రక్తనాళాల కారుడును తగ్గించడం.

ఆక్సిజన్ చాలనప్పుడు కొత్త రక్తనాళాలు వస్తే మంచిదేగా అనిపిస్తుంది. గుండెకో కాలికో అది మేలు చేసే సందర్భాలున్నాయి. కంట్లో మాత్రం కాదు. ఇక్కడ మొలిచేవి కరువులో హడావిడిగా తవ్విన కాలువల లాంటివి: గట్లు సరిగా ఉండవు, నీళ్లు చేరాల్సిన చేనికి చేరవు, దారి పొడవునా కారిపోతాయి. రెటీనా మీది కొత్త రక్తనాళాలు రక్తం అందని భాగాన్ని వదిలేసి, కంటి మధ్యలోని విట్రియస్ జెల్లీ వైపు పాకుతాయి. పలుచని గోడలు చిట్లితే జెల్లీ అంతా రక్తం. వాటి వెంటే పీచు కణజాలం కూడా పెరుగుతుంది, అది ముడుచుకుంటే రెటీనాను గోడ నుంచి లాగేస్తుంది. చూపును శాశ్వతంగా తీసేది చాలాసార్లు రక్తం కాదు, ఈ మచ్చ కణజాలమే.

షుగర్ కళ్లు: లేజర్‌ను తక్కువ అంచనా వేయొద్దు

షుగర్ ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే రెటీనాలోని సన్నని రక్తనాళాలు ఒక్కొక్కటిగా మూసుకుపోతాయి. ముందుగా దెబ్బతినేది ఎక్కువగా అంచుల ప్రాంతం. కాబట్టి పేపరు చదవగలుగుతున్నా, దూరపు బోర్డు కనబడుతున్నా, లోపల రెటీనాలో చాలా భాగం ఆక్సిజన్ లేక అల్లాడుతూ ఉండవచ్చు. చూపు బాగుంది కదా అని పరీక్ష మానేసేవారు ఒక పొద్దున్నే కంటి ముందు నల్లటి దారాలో, సాలెగూళ్లో తేలుతున్నట్టు కనిపించాక పరుగెత్తుకొస్తారు. అప్పటికి రక్తస్రావం అయిపోయి ఉంటుంది.

దీనికి దశాబ్దాలుగా ఉన్న చికిత్స లేజర్. దీని మూలం జర్మనీలో ఉంది. 1945 సూర్యగ్రహణాన్ని నేరుగా చూసి రెటీనా కాల్చుకున్నవారిని పరీక్షించిన గెర్డ్ మేయర్-ష్వికెరాత్‌కి, కాంతితో రెటీనాను కావాలనే, కావాల్సిన చోటే కాల్చవచ్చు కదా అన్న ఆలోచన వచ్చింది. మొదట సూర్యకాంతితో, తర్వాత జీనాన్ దీపంతో ఆ పని చేశాడు. అసలు లేజర్ ఆ తర్వాత వచ్చింది. అంచుల రెటీనా అంతటా చిన్నచిన్న మచ్చలు పడేలా కాల్చే పద్ధతిలో మామూలుగా 1200 నుంచి 1600 మచ్చలు వేసేవారు. కొత్త యంత్రాల్లో మచ్చలు చిన్నవి కాబట్టి లెక్క ఇంకా పెరుగుతుంది. ఇలా చేస్తే తీవ్రంగా చూపు పోయే ముప్పు సగానికి పైగా తగ్గుతుందని అమెరికాలో జరిగిన డయాబెటిక్ రెటినోపతీ స్టడీ 1976లో చూపించింది.

మంచి రెటీనాను కాల్చడమేమిటని రోగులకే కాదు, వింటున్న ఎవరికైనా ఇబ్బందిగానే ఉంటుంది. లెక్క మాత్రం సూటిగా ఉంది. ఆక్సిజన్ చాలక సంకేతాలు పంపుతున్న అంచుల ప్రాంతంలో కొంత భాగాన్ని వదులుకుంటే, ఆక్సిజన్ అవసరమే తగ్గిపోతుంది. సంకేతం నెమ్మదిస్తుంది, నడిమి చూపు దక్కుతుంది. ఇంజెక్షన్ సంకేతాన్ని అణిచేది కొంతకాలమే, లేజర్ దాని మూలాన్నే శాశ్వతంగా తగ్గిస్తుంది. బదులుగా పక్క చూపు కొంత, చీకట్లో చూసే శక్తి కొంత పోతాయి. మాక్యులాలో వాపు కొన్నాళ్లు పెరగనూవచ్చు.

మరి లేజర్ లేకుండా ఇంజెక్షన్లతోనే నెట్టుకురావచ్చా? రావచ్చని 2015లో వెలువడిన ప్రొటోకాల్ ఎస్ అధ్యయనం చెప్పింది. రెండేళ్ల తర్వాత చూపు లేజర్ చేయించుకున్నవారికి తీసిపోలేదు, పక్క చూపు తక్కువగా దెబ్బతింది. కానీ ఆ ఫలితం క్రమం తప్పకుండా వచ్చినవారిది. మధ్యలో నెలల తరబడి రాకుండా పోయినవారిని గమనించిన అధ్యయనాల్లో బొమ్మ తిరగబడింది. ఇంజెక్షన్లు మాత్రమే వేయించుకుని మాయమైనవారి కళ్లు, లేజర్ చేయించుకుని మాయమైనవారి కళ్ల కంటే ఎక్కువగా పాడయ్యాయి. లేజర్ చేసిన మేలు రోగి రాకపోయినా మిగిలి ఉంటుంది, మందు ప్రభావం మాత్రం మిగలదు.

నా అభిప్రాయంలో షుగర్ రోగికి చికిత్స ఎంచుకునేటప్పుడు స్కాన్ రిపోర్టుతో సమానంగా చూడాల్సిన విషయం ఇదే: ఈ మనిషి వచ్చే ఏడాది ప్రతి నెలా రాగలడా? డయాలసిస్, కాలి పుండు, గుండె జబ్బు వంటివి ఉన్నవారు ఆస్పత్రిలో చేరితే కంటి అపాయింట్‌మెంట్ ఎవరికీ గుర్తుండదు. అలాంటి పరిస్థితి ఉంటే రోగే ముందుగా చెప్పాలి. రాలేకపోవచ్చని చెబితే డాక్టరు కోప్పడతారేమో అని మొహమాటపడి ఊరుకుంటే నష్టం కంటికే.

ఇంకో చిక్కు ఉంది. రెటీనా మీద అప్పటికే పీచు పొరలు గట్టిగా పట్టుకుని ఉంటే, ఇంజెక్షన్ తర్వాత రక్తనాళాలు ఎండిపోతూనే ఆ పొరలు చకచకా ముడుచుకుని రెటీనాను లాగేయవచ్చు. అలాంటి కళ్లలో సాధారణంగా విట్రెక్టమీ ఆపరేషన్‌కి కొద్ది రోజుల ముందు మాత్రమే, ఆపరేషన్‌లో రక్తస్రావం తగ్గేందుకు, ఒక డోసు వేస్తారు. రాబర్ట్ మాకెమెర్ 1970ల మొదట్లో మొదలుపెట్టిన ఈ ఆపరేషన్‌లో రక్తం నిండిన జెల్లీని తీసేసి, లాగుతున్న పొరలను ఒలిచేస్తారు. లేజర్ కూడా అప్పుడే పూర్తిచేసే వీలుంటుంది.

ఇవన్నీ కంటి లోపల చేసే పనులు. షుగర్, బీపీ అదుపులో ఉంచుకోవడం వీటికి ప్రత్యామ్నాయం కాదు, వీటిలో భాగం.

వయసుతో వచ్చే మాక్యులా జబ్బు

ఇక్కడ రక్తనాళాలు కింది నుంచి వస్తాయి. వయసుతో పాటు రెటీనా కింద వ్యర్థాలు పేరుకుంటాయి, బ్రూక్ పొర బలహీనపడుతుంది. కోరాయిడ్ నుంచి మొలిచిన రక్తనాళాలు ఆ పొరను చీల్చుకుని మాక్యులా కిందికి చేరతాయి. దీన్ని తడి రకం అంటారు. ఈ జబ్బున్నవారిలో తడి రకం వచ్చేది కొద్దిమందికే అయినా, హఠాత్తుగా చూపు పోయేది ఎక్కువగా వీళ్లకే. తలుపు చట్రం వంకరగా కనిపించడం, అక్షరాలు ఒంగిపోవడం, ఎదుటి మనిషి ముఖం మధ్యలో మసక రావడం దీని తొలి గుర్తులు. కొత్త కళ్లద్దాలు వేయించుకుంటే సరిపోతుందిలే అనుకుని విలువైన వారాలు పోగొట్టుకునేవారు ఎక్కువ.

2000కు ముందు డాక్టర్ల చేతిలో ఉన్నది మాక్యులా మీద లేజర్ కాల్చడమే. రక్తనాళం పోయేది, దానితో పాటే ఆ చోటి చూపూ పోయేది. ఆ ఏడాది అనుమతి పొందిన వెర్టిపోర్ఫిన్ పద్ధతి కాస్త సున్నితమైనది. మందును చేతి నరంలోకి ఎక్కించి, కంట్లో చల్లని లేజర్ కాంతితో దాన్ని మేల్కొల్పి, రక్తనాళం మూసుకుపోయేలా చేస్తారు. ఇది చూపు పోయే వేగాన్ని తగ్గించింది, పోయిన చూపును మాత్రం చాలామందికి తిరిగి ఇవ్వలేదు.

అసలు మలుపు 2006లో వచ్చింది. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే రానిబిజుమాబ్ అనే మందు మీద జరిగిన మెరీనా అధ్యయనంలో, ఏడాది తర్వాత చూపు చార్టు మీద 15 అక్షరాలో అంతకంటే ఎక్కువో అదనంగా చదవగలిగినవారు 34 శాతం దాకా ఉన్నారు. మందు లేకుండా ఉత్తుత్తి ఇంజెక్షన్ చేయించుకున్నవారిలో అలాంటివారు 5 శాతం. అంత చూపు పోగొట్టుకోకుండా నిలబడినవారు మందు తీసుకున్నవారిలో 95 శాతానికి దగ్గర, మిగతావారిలో 62 శాతం. అంతవరకూ "చూపు పోతుంది, మెల్లగా పోయేలా చూద్దాం" అని చెబుతూ వచ్చిన వైద్యానికి ఇది మామూలు మార్పు కాదు.

దీని పక్కనే ఇంకో కథ నడిచింది. రానిబిజుమాబ్‌ను తెచ్చిన జెనెన్‌టెక్ కంపెనీయే తయారుచేసిన మరో వీఈజీఎఫ్ మందు బెవాసిజుమాబ్‌కు పెద్దపేగు క్యాన్సర్ కోసం 2004లో అనుమతి వచ్చింది. రానిబిజుమాబ్ ఇంకా మార్కెట్లోకి రాకముందే, 2005లో, మయామీలోని ఫిలిప్ రోజెన్‌ఫెల్డ్ ఆ క్యాన్సర్ మందులోంచి చిన్న మోతాదు తీసి కంట్లో వేసి చూశాడు. పనిచేసింది. ధరలో ఎంతో తేడా ఉండటంతో ప్రపంచమంతా దాన్ని వాడటం మొదలుపెట్టింది. రెండింటినీ నేరుగా పోల్చిన క్యాట్ అధ్యయనం 2011లో చూపు విషయంలో రెండూ సమానమేనని తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కంటి వాడకానికి బెవాసిజుమాబ్‌ను 2013లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. కాబట్టి ఖరీదు తక్కువని దాన్ని నాసి మందు అనుకోనక్కర్లేదు. జాగ్రత్త పడాల్సింది మందు గురించి కాదు, దాన్ని సిద్ధంచేసే పద్ధతి గురించి. పెద్ద సీసాలోంచి చిన్న సిరంజిల్లోకి విడగొట్టేటప్పుడు శుభ్రత తప్పితే, ఒకే బ్యాచ్ వల్ల చాలా కళ్లకు ఇన్ఫెక్షన్ వస్తుంది. అలాంటివి జరిగాయి కూడా. షుగర్ వల్ల వచ్చే మాక్యులా వాపులో, చూపు బాగా తగ్గాక వచ్చినవారికి మొదటి ఏడాది ఇదే కోవకు చెందిన అఫ్లిబర్‌సెప్ట్ అనే మందు మెరుగ్గా పనిచేసిందని 2015లో మరో అధ్యయనం చెప్పింది. అంటే ఏ మందు అన్న ప్రశ్నకు జవాబు జబ్బును బట్టి కొద్దిగా మారుతుంది.

తడి రకంలో మామూలుగా నెలకొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు వేస్తారు. రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్‌లో రెటీనా పొడిగా కనిపిస్తే రెండు మూడు దారులున్నాయి. కొందరు నెలనెలా స్కాన్ చేసి, తడి కనిపించినప్పుడే వేస్తారు. ఇప్పుడు ఎక్కువమంది పాటించేది వ్యవధిని సాగదీసే పద్ధతి: నాలుగు వారాలకు బాగుంటే ఆరు, అప్పుడూ బాగుంటే ఎనిమిది, ఇలా పన్నెండో పదహారో వారాల దాకా. మళ్లీ తడి కనిపిస్తే వెనక్కి తగ్గిస్తారు. వచ్చిన ప్రతిసారీ ఇంజెక్షన్ ఉంటుంది. "స్కాన్ బాగుంది కదా, మళ్లీ ఎందుకు?" అని రోగికి చిరాకు రావడం సహజమే. బాగున్నది మందు ఉంది కాబట్టి. ఇక్కడ జబ్బుకు మూలం ముసలితనం, దాన్ని ఏ లేజరూ తీసేయలేదు. ప్రయోగాల్లో వచ్చిన మంచి ఫలితాలు మామూలు క్లినిక్‌లలో చాలాసార్లు రాకపోవడానికి ప్రధాన కారణం, బయట రోగులకు పడే ఇంజెక్షన్లు తక్కువ కావడమే.

ఈ జబ్బుకే దగ్గరి చుట్టం ఒకటుంది. ఆసియా వాసుల్లో ఎక్కువగా కనిపించే ఈ రకంలో కోరాయిడ్ రక్తనాళాలు చివర బుడగల్లా ఉబ్బుతాయి. ఇందులో ఇంజెక్షన్‌కి వెర్టిపోర్ఫిన్‌ను జతచేస్తే ఆ బుడగలు బాగా మూసుకుంటాయి. పాతబడిందనుకున్న మందు ఇప్పటికీ బతికి ఉన్నది ఎక్కువగా దీనివల్లే. ఇక మైనస్ పవర్ ఎక్కువున్న కళ్లలో, సాగిన బ్రూక్ పొరలో పగులు వచ్చి, అక్కడ రక్తనాళం మొలుస్తుంది. అది చిన్నది, మొండిది కాదు. అందుకే తక్కువ ఇంజెక్షన్లతో లొంగుతుంది.

ఇంజెక్షన్ రోజు

కంట్లో సూది అన్న మాటకే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. నిజానికి భయం ఎక్కువ, నొప్పి తక్కువ. చుక్కలతో కన్ను మొద్దుబారుస్తారు. రెప్పలు మూసుకోకుండా చిన్న క్లిప్ పెడతారు. పోవిడోన్ అయోడిన్ ద్రావణం వేస్తారు. ఇన్ఫెక్షన్ రాకుండా కాపాడేది ప్రధానంగా ఇదే, తర్వాత వేసుకునే యాంటీబయాటిక్ చుక్కల వల్ల అదనపు లాభం ఉన్నట్టు రుజువు కాలేదు. నల్లగుడ్డు అంచుకు 3.5 నుంచి 4 మిల్లీమీటర్ల దూరంలో తెల్లగుడ్డులోంచి వెంట్రుకంత సన్నని సూదితో 0.05 మిల్లీలీటర్లు, అంటే ఒక చుక్కంత మందు, లోపలికి పంపుతారు. సూది లోపల ఉండేది క్షణాలే. సూది కళ్లెదుట కనబడదు, పక్కకు చూడమంటారు.

ఆ రోజు కన్ను గరగరలాడటం ఎక్కువగా అయోడిన్ వల్ల. తెల్లగుడ్డు మీద ఎర్రటి రక్తపు మరక, చూపులో గుండ్రని బుడగలు తేలడం కొద్ది రోజుల్లో వాటంతట అవే పోతాయి. భయపడాల్సినవి వేరే ఉన్నాయి. మరుసటి రోజు నుంచి వారం లోపు నొప్పి తగ్గకుండా పెరుగుతుంటే, ఎరుపు ఎక్కువవుతుంటే, వెలుగు చూడలేకపోతుంటే, చూపు పడిపోతుంటే అది కంటి లోపలి ఇన్ఫెక్షన్ కావచ్చు. రెండు మూడు వేల ఇంజెక్షన్లకు ఒకటి చొప్పున వచ్చే ఈ ప్రమాదం అరుదే, కానీ అది గంటలతో పందెం. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు, ఫోన్లో చుక్కలు రాయించుకుని సరిపెట్టుకోకూడదు. ఈ మధ్య గుండెపోటో పక్షవాతమో వచ్చి ఉంటే, గర్భం ఉంటే, కంట్లో కలక లాంటిది ఉంటే ఇంజెక్షన్‌కి ముందే చెప్పాలి.

ఐరిస్, కార్నియా, పసిపిల్లలు

రెటీనాలో పుట్టిన వీఈజీఎఫ్ అక్కడే ఆగదు. కంటి ముందు భాగానికి చేరితే ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం) మీద రక్తనాళాలు పాకి, కంట్లో నీరు బయటికి పోయే మూలను మూసేస్తాయి. కంటి ప్రెషర్ ఒక్కసారిగా పెరిగే ఈ మొండి గ్లకోమా, రెటీనా ప్రధాన సిర మూసుకుపోయిన మూడు నెలల ప్రాంతంలో తరచూ బయటపడుతుంది. అందుకే సిర మూసుకుపోయినవారిని అంత దగ్గర దగ్గరగా పిలుస్తారు. ఇంజెక్షన్‌తో ఐరిస్ రక్తనాళాలు కొద్ది రోజుల్లోనే వాడిపోతాయి. ఆ వ్యవధిలో లేజర్ పూర్తిచేయాలి. మూల శాశ్వతంగా మూసుకుపోతే ప్రెషర్ తగ్గించే ఆపరేషన్ దాకా వెళుతుంది.

కార్నియాలోకి రక్తనాళాలు వచ్చేది ఎక్కువగా ఇన్ఫెక్షన్, రసాయనాలు పడటం, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునే నిద్రపోవడం వంటి వాటివల్ల. మూలకారణం సరిదిద్దడం, వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కలు ముందు వస్తాయి. ఈ చుక్కలు డాక్టరు చూపులో వాడాల్సినవి, పాత చీటీ చూపించి కొనుక్కుని వాడితే ప్రెషర్ పెరిగి గ్లకోమా రావచ్చు. రక్తనాళాలు నిండిన కార్నియాకు మార్పిడి చేసినా శరీరం దాన్ని తిరస్కరించే ముప్పు ఎక్కువ.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల సంగతి అన్నిటికంటే భిన్నం. రెటీనా రక్తనాళాలు గర్భంలో 16వ వారం ప్రాంతంలో మొదలై, అంచు దాకా చేరేసరికి 40 వారాలవుతుంది. ముందే పుట్టిన బిడ్డకు గర్భంలో కంటే ఎక్కువ ఆక్సిజన్ అందేసరికి వీఈజీఎఫ్ పడిపోయి రక్తనాళాల ఎదుగుదల ఆగుతుంది. కొన్ని వారాల తర్వాత రెటీనా పెరిగి ఆక్సిజన్ చాలనప్పుడు వీఈజీఎఫ్ ఎగదన్నుతుంది, రక్తనాళాలు అడ్డదిడ్డంగా మొలుస్తాయి. ఈ జబ్బును 1942లో బోస్టన్‌లో థియోడోర్ టెర్రీ వర్ణించాడు. ఆక్సిజన్‌తో సంబంధాన్ని 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ గుర్తించింది. ఆక్సిజన్‌ను కఠినంగా తగ్గిస్తే కళ్లు దక్కాయి గానీ పిల్లల ప్రాణాలకు ముప్పు పెరిగింది. ఆ త్రాసు ఇప్పటికీ నిలకడగా లేదు: ఆక్సిజన్ లక్ష్యం తక్కువ పెట్టుకుంటే తీవ్రమైన కంటి జబ్బు తగ్గినా మరణాలు పెరిగాయని 2010లో మరో పెద్ద అధ్యయనం చూపించింది.

తీవ్ర దశ గుర్తించాక 48 నుంచి 72 గంటల్లో లేజరో ఇంజెక్షనో చేయాలి. ఇంజెక్షన్ వేస్తే ఆగిపోయిన రక్తనాళాలు అంచు వైపు మళ్లీ పెరిగే అవకాశం ఉంటుంది, తర్వాత మైనస్ పవర్ కూడా తక్కువగా వస్తుంది. కానీ మందు కొంత రక్తంలోకి చేరుతుంది, జబ్బు ఆలస్యంగా తిరగబెట్టవచ్చు. బిడ్డ బాగానే ఉందని తల్లిదండ్రులు తర్వాతి పరీక్షలు మానేస్తే, లేజర్ కంటే ఇంజెక్షనే ప్రమాదకరమవుతుంది. షుగర్ కళ్ల విషయంలో చెప్పుకున్న లెక్కే ఇక్కడా వర్తిస్తుంది.

ఎక్కువ కాలం నిలిచే మందుల కోసం

కంపెనీల పరుగంతా ఇప్పుడు వ్యవధి మీదే. 2022లో అమెరికాలో అనుమతి పొందిన ఫారిసిమాబ్ వీఈజీఎఫ్‌తో పాటు యాంజియోపొయిటిన్-2 అనే మరో ప్రొటీన్‌ను కూడా అడ్డుకుంటుంది. తడి రకం ఉన్నవారిలో సగానికి కాస్త తక్కువ మందికి ఏడాది చివరికి 16 వారాల వ్యవధి సరిపోయింది. 2023లో అఫ్లిబర్‌సెప్ట్ నాలుగు రెట్ల మోతాదులో, 8 మిల్లీగ్రాములతో వచ్చింది. 2019లో వచ్చిన బ్రొలుసిజుమాబ్ కూడా ఎక్కువ కాలం నిలుస్తుందన్న ఆశతోనే వచ్చింది. కొందరిలో రెటీనా రక్తనాళాల వాపు వచ్చి చూపు పోయిన సంఘటనలు బయటపడ్డాక డాక్టర్లు దానితో జాగ్రత్త పడ్డారు. కంటి గోడలో అమర్చి ఆరు నెలలకోసారి మందు నింపే చిన్న పరికరానికి 2021లో అనుమతి వచ్చింది, లోపం వల్ల 2022లో వెనక్కి తీసుకున్నారు, సరిచేసి 2024లో మళ్లీ తెచ్చారు. నెలనెలా ఇంజెక్షన్లతో పోలిస్తే దానిలో కంటి ఇన్ఫెక్షన్లు మూడు రెట్లు ఎక్కువన్న హెచ్చరిక దానికి తగిలించే ఉంది. కన్నే మందును తయారుచేసుకునేలా చేసే జన్యు చికిత్సలు పెద్ద ప్రయోగాల దశలో ఉన్నాయి.

వీటిలో ఏదీ పాత మందుల కంటే చూపును చెప్పుకోదగ్గంత ఎక్కువ పెంచలేదు. పెంచింది రెండు ఇంజెక్షన్ల మధ్య దూరాన్ని. రోగికి అదీ తక్కువ సంగతి కాదు, కానీ కొత్త మందు కోసం ఎదురుచూస్తూ ఉన్న మందును వాయిదా వేయడం మాత్రం తెలివైన పని కాదు. మాక్యులా కింద మచ్చ కట్టాక ఏ మందూ దాన్ని కరిగించదు. అలాంటి దశలో ఇంజెక్షన్ వల్ల లాభం లేదని డాక్టరు చెబితే అది నిజాయితీ గల మాటే. అప్పుడు భూతద్దాలు, అక్షరాలను పెద్దవి చేసే పరికరాలు, పక్క చూపును వాడుకునే శిక్షణ అక్కరకొస్తాయి.

ఒక కంట్లో తడి రకం వచ్చినవారికి రెండో కంటి మీదే ఎక్కువ ఆశ, ఎక్కువ ముప్పు కూడా. పొగ తాగేవారు మానేయడం ఇక్కడ నిజంగా తేడా చూపించే పని. ఆరెడ్స్ పేరుతో దొరికే విటమిన్ల కలయిక, మధ్యస్థ దశలో ఉన్నవారికి జబ్బు ముదిరే అవకాశాన్ని ఐదేళ్లలో నాలుగో వంతు దాకా తగ్గిస్తుంది. పొగ తాగేవారూ, గతంలో తాగినవారూ అందులో బీటా కెరోటిన్ లేని రకమే వాడాలి. ఇంట్లో చేసుకోగలిగిన పరీక్ష ఆమ్స్‌లర్ గడుల కాగితం: చదివే కళ్లద్దాలు పెట్టుకుని, అడుగు దూరంలో పట్టుకుని, ఒక కన్ను పూర్తిగా మూసి మధ్య చుక్కను చూడాలి, తర్వాత రెండో కంటితో. రెండు కళ్లూ తెరిచి చూస్తే బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది. గీతలు కొత్తగా వంగినా, ఒకచోట మాయమైనా ఆ వారంలోనే రెటీనా డాక్టరుకు చూపించాలి.